స్టాక్‌హోమ్‌కి మొదటిసారి వెళ్లేవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లల దగ్గరికి వచ్చే అమ్మానాన్నలు, ఆఫీసు పని మీద వారం రోజులకు దిగే ఉద్యోగులు, యూరప్ టూరులో రెండు రోజులు ఆగే కుటుంబాలు స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ గురించి మళ్లీ మళ్లీ అడిగే సందేహాలివి. ఈ ఊరు చిన్నది, ఎక్కణ్ణుంచి ఎక్కడికైనా అరగంటే. అయినా ప్లాన్లు తప్పుతుంటాయి, ఎందుకంటే ఇక్కడ వేళలు తెలియకపోతే కష్టం: పొద్దు ఎప్పుడు గుంకుతుంది, ఏ పండక్కి ఊరంతా ఖాళీ అవుతుంది, ఏ టికెట్ ఎంతసేపు పనిచేస్తుంది. అందుకే జవాబుల్లో గంటలు, తేదీలు ఎక్కువ ఉంటాయి. టికెట్ల ధరలు ఏటా మారతాయి కాబట్టి బయలుదేరే ముందు ఆయా సంస్థల సైట్లలో ఒకసారి చూసుకోండి.

## బయలుదేరే ముందు

ఏ నెలలో వెళ్తే బాగుంటుంది?

మే మూడో వారం నుంచి జూన్ మధ్య వరకు, లేదంటే ఆగస్టు రెండో సగం. అప్పుడు ఎండ, వెలుతురు రెండూ ఉంటాయి, జూలైలో ఉన్నంత రద్దీ ఉండదు. జూన్ చివర్లో తెల్లవారుజామున మూడున్నరకే సూర్యుడు వస్తాడు, రాత్రి పది దాటాక గాని అస్తమించడు. ఆ తర్వాత కూడా కటిక చీకటి పడదు. డిసెంబరులో దీనికి పూర్తిగా తారుమారు: ఉదయం 8:45 ప్రాంతంలో తెల్లవారి, మధ్యాహ్నం మూడు లోపే పొద్దు గుంకుతుంది. జూలై పగళ్లు 20 నుంచి 25 డిగ్రీలు. జనవరి, ఫిబ్రవరిల్లో సున్నాకి అటూ ఇటూ, కొన్ని రోజులు మైనస్ 10 కంటే కిందికి.

ఏప్రిల్ రెండో సగంలో నగరం నడిబొడ్డున ఉన్న కుంగ్స్‌ట్రెడ్‌గోర్డెన్ పార్కులో చెర్రీ చెట్లు పూస్తాయి. దానికోసమే వచ్చేవాళ్లున్నారు, రావచ్చు కూడా. నవంబరు మాత్రం వద్దు. మంచు ఇంకా పడదు, దీపాల అలంకరణ ఇంకా మొదలవదు, వాన, చీకటి మాత్రం ఉంటాయి.

మిడ్‌సమ్మర్ పండగ చూద్దామని వస్తున్నాం. ఊళ్లో సందడి ఉంటుందా?

ఊళ్లో ఉండదు. జూన్ 19–25 మధ్య వచ్చే శుక్రవారం మిడ్‌సమ్మర్ ముందురోజు, అసలు పండగ ఆ రోజే. స్టాక్‌హోమ్ జనం పల్లెలకు, దీవుల్లోని వేసవి ఇళ్లకు వెళ్లిపోతారు. చాలా దుకాణాలు, భోజన హోటళ్లు మూసేస్తారు. సంబరం చూడాలంటే స్కాన్సెన్ ఆరుబయలు మ్యూజియానికి వెళ్లండి. అక్కడ ఆకులు, పూలతో చుట్టిన నిలువు స్తంభం ఎత్తి దాని చుట్టూ ఆడతారు, ఎవరైనా కలవచ్చు. పాలు, కూరగాయలు గురువారమే కొనిపెట్టుకోండి. డిసెంబరు 24న కూడా ఊరు ఇలాగే మూతపడుతుంది.

అమ్మానాన్నలకి వీసా ఎప్పుడు పెట్టాలి? ఏమేం కావాలి?

షెంజెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) స్వల్పకాలిక వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందు పెట్టాలి. మామూలుగా నిర్ణయం 15 రోజుల్లో వస్తుంది. అదనపు పరిశీలన పడితే 45 రోజుల దాకా పోతుంది. వేసవి ప్రయాణానికి మార్చిలోనే పెట్టడం మంచిది, ఆలస్యమైతే అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టమవుతుంది. రుసుము 2024 జూన్ నుంచి పెద్దలకు 90 యూరోలు, 6–12 ఏళ్ల పిల్లలకు 45, ఆరేళ్ల లోపు ఉచితం.

పాస్‌పోర్టు గత పదేళ్లలోపు ఇచ్చినదై ఉండాలి, తిరిగొచ్చే తేదీ తర్వాత మూడు నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలుండాలి. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు, షెంజెన్ దేశాలన్నిటికీ వర్తించేలా తీసుకోవాలి. పిల్లల ఇంట్లో ఉండేట్టయితే స్వీడన్ వలస సంస్థ ఆహ్వాన పత్రం నింపించి, పిలిచేవారి జనాభా నమోదు ధ్రువపత్రం జతచేయాలి. దీన్ని అక్కడి పన్నుల శాఖ ఇస్తుంది.

తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. స్వీడన్‌లో మూడు రోజులు, ఫ్రాన్స్‌లో ఏడు రోజులు అని టికెట్లు తీసి, అపాయింట్‌మెంట్ దొరికిందని స్వీడన్‌కి దరఖాస్తు చేస్తారు. ఎక్కువ రోజులు ఉండే దేశానికే పెట్టాలి. రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి పెట్టాలి. ఇక 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండకూడదు, వచ్చిన రోజు, వెళ్లిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి.

హైదరాబాద్ నుంచి నేరుగా విమానం ఉందా?

లేదు. దుబాయ్, దోహా మీదుగానో, ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి యూరప్ నగరం మీదుగానో రావాలి. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వస్తే ఇమ్మిగ్రేషన్ తనిఖీ అక్కడే జరుగుతుంది. ఆ వరుస పొడవుగా ఉంటుంది, కాబట్టి కనెక్షన్‌కి రెండు గంటలకు తగ్గకుండా చూసుకోండి. పెద్దవాళ్లు ఒంటరిగా వస్తుంటే గల్ఫ్ దారే సులువు. తనిఖీ స్టాక్‌హోమ్‌లో దిగాకే ఉంటుంది, అది అయ్యేసరికి బయట పిల్లలుంటారు.

ఆవకాయ, నెయ్యి, మామిడిపళ్లు తీసుకెళ్లొచ్చా?

ఆవకాయ, గోంగూర, కందిపొడి, కారప్పొడి తీసుకెళ్లొచ్చు. పచ్చడి సీసా మూతకి టేపు చుట్టి, రెండు కవర్లలో పెట్టి, చెక్ ఇన్ సామానులో వేయండి. చేతి సంచిలో పెడితే నూనె ఉన్న పచ్చడిని ద్రవ పదార్థం కింద లెక్కేసి తీసేస్తారు. నెయ్యి, పనీరు, కోవా లాంటి పాల సరుకులు, మాంసం వేసిన ఏ వంటకమైనా (చికెన్ పచ్చడి, మాంసం వేపుళ్లు) యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి తేకూడదు. మామిడిపళ్లకు, పచ్చి కరివేపాకుకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, అది లేకుండా తేకూడదు. కొబ్బరికాయ, అరటి, ఖర్జూరం మాత్రం ఈ నిబంధనకు మినహాయింపు.

చలికాలం బట్టలు ఇండియాలోనే కొనాలా, స్టాక్‌హోమ్‌లో కొనాలా?

ఒంటికి అతుక్కునే లోపలి థర్మల్స్ ఇండియాలోనే కొనండి. గాలి చొరబడని కోటు, బూట్లు అక్కడ కొనడమే నయం. మన ఊళ్లో దొరికే బూట్ల అడుగు గట్టిపడిపోయి మంచుగడ్డ మీద జారుతుంది. ఫిబ్రవరిలో కాలిబాట మీద కరిగి మళ్లీ గడ్డకట్టిన పొర ఉంటుంది, పెద్దవాళ్లు పడి మణికట్టు విరగ్గొట్టుకునేది అక్కడే. బూటుకి తొడిగే ఇనుప ముళ్ల పట్టీలు సూపర్‌మార్కెట్లలో, మందుల షాపుల్లో అమ్ముతారు, అరవై దాటినవారికి తప్పకుండా కొనివ్వండి. కోటుకి వేలాడే చిన్న మెరుపు బిళ్ల (రిఫ్లెక్టర్) కూడా తగిలించండి, మధ్యాహ్నం మూడింటికే చీకటి పడినప్పుడు డ్రైవర్లకు మనిషి కనిపించేది దానివల్లే.

## దిగిన రోజు

అర్లాండా ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి చవగ్గా ఎలా రావాలి?

ఎయిర్‌పోర్టు ఊరికి ఉత్తరాన సుమారు 40 కిలోమీటర్లు. అర్లాండా ఎక్స్‌ప్రెస్ రైలు 18 నిమిషాల్లో సెంట్రల్ స్టేషన్‌లో దింపుతుంది, ధర బాగా ఎక్కువ. పెండెల్‌టోగ్ అనే లోకల్ రైలుకి 40 నిమిషాల లోపు పడుతుంది, కాని మామూలు టికెట్‌కి తోడు ఎయిర్‌పోర్టు స్టేషన్ వాడినందుకు అదనపు రుసుము కట్టాలి. ఎయిర్‌పోర్టు బస్సుకి ముప్పావు గంట.

అన్నిటికన్నా చవక దారి ఇది: టెర్మినల్ బయట 583 నంబరు బస్సెక్కి మార్ష్టా స్టేషన్‌కి, అక్కణ్ణుంచి లోకల్ రైల్లో సెంట్రల్‌కి. మొత్తం గంట, కాస్త అటూ ఇటూ. ఊళ్లో తిరిగే మామూలు టికెట్ ఒక్కటి చాలు, అదనపు రుసుము లేదు. పెద్ద సూట్‌కేసులు నాలుగుంటే మాత్రం ఈ దారి పట్టకండి, మార్ష్టాలో సామానుతో మారడం ఇబ్బంది.

టికెట్ బుక్ చేసేటప్పుడు ఎయిర్‌పోర్టు పేరు చూసుకోండి. స్టాక్‌హోమ్ పేరుతోనే అమ్మే స్కావ్‌స్టా, వెస్టెరోస్ ఎయిర్‌పోర్టులు ఊరికి దాదాపు వంద కిలోమీటర్ల దూరంలో ఉంటాయి.

టాక్సీవాళ్లు మోసం చేస్తారా?

స్వీడన్‌లో టాక్సీ ధరలకు ప్రభుత్వ పరిమితి లేదు. ప్రతి టాక్సీ తన రేటు తానే పెట్టుకోవచ్చు, ఎంత ఎక్కువైనా. వెనక తలుపు అద్దం మీద అతికించిన పసుపు, తెలుపు కాగితం చూడాలి. దాని మీద పెద్ద అక్షరాల్లో ఉండే అంకె పది కిలోమీటర్లు, పదిహేను నిమిషాల ప్రయాణానికి అయ్యే ధర. పక్క టాక్సీ కాగితంతో పోల్చి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. వరుసలో మొదటి టాక్సీయే ఎక్కాలన్న నియమం లేదు. ఎక్కే ముందు మొత్తం ఎంతో ఖాయం చేసుకోండి.

నగదు ఎంత తీసుకెళ్లాలి?

అసలు అక్కర్లేదు. డబ్బు స్వీడిష్ క్రోనా, యూరో కాదు. చాలా కేఫులు, మ్యూజియాలు, బస్సులు నోట్లు తీసుకోవు. కావలసింది అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసిన వీసా లేదా మాస్టర్‌కార్డు. రెండు వేర్వేరు బ్యాంకులవి ఉంటే మంచిది. ఓటీపీ కోసం భారతీయ సిమ్ రోమింగ్‌లో ఉంచండి, ఆన్‌లైన్ టికెట్లు కొనేటప్పుడు చాలామంది ఆగిపోయేది ఇక్కడే. కార్డు మెషీన్ రూపాయల్లో తీసుకోనా, క్రోనాల్లోనా అని అడిగితే క్రోనాలే ఎంచుకోండి. రూపాయలు ఎంచుకుంటే మారకం రేటు మెషీన్‌వాళ్లది, అది మనకి నష్టం. స్థానికులు వాడే స్విష్ యాప్‌కి స్వీడిష్ బ్యాంకు ఖాతా కావాలి, సందర్శకులకు పనికిరాదు.

## ఊళ్లో తిరగడం

బస్సుకి, మెట్రోకి, పడవకి వేర్వేరు టికెట్లా?

కాదు. నగర రవాణా సంస్థ ఎస్‌ఎల్ ఇచ్చే టికెట్ ఒక్కటే మెట్రో, బస్సు, ట్రాము, లోకల్ రైలు, కొన్ని పడవలు అన్నిటికీ చెల్లుతుంది. జోన్లు లేవు. ఒక్కో టికెట్ 75 నిమిషాలు పనిచేస్తుంది, ఆ లోపు ఎన్నిసార్లయినా మారవచ్చు. ఇరవై ఏళ్ల లోపువారికి, 65 దాటినవారికి రాయితీ ఉంది, స్వీడిష్ పౌరులు కానక్కర్లేదు. రోజుకి నాలుగైదు ప్రయాణాలుంటే 24 లేదా 72 గంటల టికెట్ తీసుకోండి.

గేటు దగ్గర బ్యాంకు కార్డునే ఆనించి వెళ్లిపోవచ్చు. అయితే ఒక కార్డు ఒక్కరికే. భర్త కార్డుతోనే భార్య కూడా ఆనిస్తే రెండో టికెట్ పడదు, పాత టికెట్ మీదే మారుతున్నట్టు లెక్క. తనిఖీవాళ్లు వస్తే టికెట్ లేని మనిషికి వెయ్యి క్రోనాలకు పైనే జరిమానా, తెలియదంటే వినరు. కుటుంబానికి ఎస్‌ఎల్ యాప్‌లో అందరి టికెట్లూ ఒకేసారి కొనడమే క్షేమం.

మెట్రో స్టేషన్లు చూడ్డానికే వెళ్తారట, నిజమేనా?

నిజమే, వెళ్లాలి కూడా. 1950లో మొదలైన ఈ మెట్రోలో వంద స్టేషన్లున్నాయి, తొంభైకి పైగా స్టేషన్లలో కళాకారుల పని ఉంది. నీలం లైనులో కొండని తొలిచిన గుహ గోడలు అలాగే వదిలేసి రంగులు వేశారు. టీ-సెంట్రాలెన్ నీలం ప్లాట్‌ఫారంతో మొదలుపెట్టి, రోడ్‌హూసెట్, సోల్నా సెంట్రుమ్ చూసుకుని, వెనక్కి తిరిగి చివరి స్టేషన్ కుంగ్స్‌ట్రెడ్‌గోర్డెన్‌లో దిగండి. ఎర్ర లైనులో స్టాడియోన్ ఒక్కటి చేర్చుకోవచ్చు, అక్కడ పైకప్పు మీద ఇంద్రధనుస్సు ఉంటుంది. ఉదయం పది నుంచి మధ్యాహ్నం రెండు వరకు ఖాళీగా ఉంటాయి. గేటు దాటి బయటికి రాకుండా 75 నిమిషాల టికెట్‌తోనే ఇవన్నీ అయిపోతాయి.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు తిరగగలరా?

కొంచెం ప్లాన్ చేస్తే హాయిగా తిరగొచ్చు. మెట్రోలో లిఫ్టులుంటాయి, బస్సులు ఫుట్‌పాత్ వైపు ఒరుగుతాయి. కష్టమంతా పాత ఊరు గామ్లా స్తాన్‌లో: గుండ్రాళ్లు పరిచిన వీధులు, ఎత్తుపల్లాలు. అక్కడ రాజప్రాసాదం, పెద్ద చర్చి, నడిమి చౌకు మూడూ దగ్గర దగ్గరే, ఆ ముక్క వరకు చూసి వచ్చేస్తే చాలు. చక్రాల కుర్చీకి పెద్ద చక్రాలున్నది మేలు. సైకిళ్ల దారి కాలిబాట పక్కనే ఉంటుంది, అందులో నడవకండి. సైకిళ్లు వేగంగా వస్తాయి, పక్కకి తప్పుకుంటారని ఆశించకూడదు.

## చూడాల్సినవి

ఎన్ని రోజులు పెట్టుకోవాలి?

మూడు పూర్తి రోజులు. ఒకరోజు గామ్లా స్తాన్, సిటీ హాలు. ఒకరోజు యూర్‌గోర్డెన్ దీవిలోని మ్యూజియాలు. మూడో రోజు నీళ్ల మీద, పడవలో. ఊరు 14 దీవుల మీద ఉంది, పడమట మేలారెన్ సరస్సు, తూర్పున బాల్టిక్ సముద్రం. పడవెక్కకుండా చూస్తే ఊరు సగమే అర్థమవుతుంది. రెండు రోజులే ఉంటే మ్యూజియం ఒకటి తగ్గించుకోండి గాని పడవని వదలకండి.

వాసా మ్యూజియంలో ఒక ఓడేగా, అంత ఏముంది?

స్టాక్‌హోమ్‌లో ఒక్కటే చూసే వీలుంటే ఇదే చూడాలి. 1628 ఆగస్టు 10న తొలి ప్రయాణంలో 1,300 మీటర్లు వెళ్లి, రేవులో జనం చూస్తుండగానే మునిగిపోయిన రాజుగారి యుద్ధనౌక ఇది. పొడవు 69 మీటర్లు, 64 ఫిరంగులు. పైభాగం బరువెక్కువ, అడుగున నిలకడకి వేసిన రాళ్లు దానికి సరిపోలేదు. చిన్న గాలి కొట్టేసరికి ఒరిగింది, తెరిచి ఉన్న ఫిరంగి కిటికీల్లోంచి నీళ్లు దూరాయి. ప్రయాణానికి ముందే పరీక్ష చేశారు: ముప్పై మంది మనుషులు డెక్కు మీద అడ్డంగా, ఈ పక్క నుంచి ఆ పక్కకి పరిగెత్తారు. మూడోసారికే ఓడ భయంకరంగా ఊగడంతో పరుగు ఆపించారు. అయినా బయలుదేరింది. తెలిసి కూడా ఎవరూ ఆపలేకపోయిన సంగతి ఆ ఓడ ముందు నిలబడితే మనసుని పట్టేస్తుంది.

1961 ఏప్రిల్ 24న పైకి తీశారు. 333 ఏళ్లు నీళ్లలో ఉన్నా చెక్క నిలిచింది. కలపని తొలిచే సముద్రపు పురుగు ఉప్పు తక్కువున్న బాల్టిక్ నీళ్లలో బతకదు, కారణం అదే. ఇప్పుడు కనిపించే దాంట్లో 98 శాతం అసలు ఓడే.

ముందు చిన్న సినిమా చూసి, తర్వాత కింది అంతస్తు నుంచి పైకి వెళ్లండి. ఓడ వెనక భాగంలోని చెక్కడాలు పై అంతస్తుల నుంచే బాగా కనిపిస్తాయి. ఓడ కోసం లోపల చల్లగా ఉంచుతారు, వేసవిలో కూడా స్వెట్టరు చేత పట్టుకోండి. రెండు గంటలు కేటాయించండి. 18 ఏళ్ల లోపు ఉచితం. స్లుస్సెన్ రేవు నుంచి 82 నంబరు పడవలో వెళ్తే ఎస్‌ఎల్ టికెట్టే చాలు.

గామ్లా స్తాన్‌లో ఏ వీధులు చూడాలి?

అందరూ నడిచే వెస్టర్‌లోంగ్‌గాటన్ వీధి నిండా అయస్కాంతాలు, బొమ్మల దుకాణాలే. దానికి సమాంతరంగా పైన ఉన్న ప్రెస్ట్‌గాటన్ పట్టుకోండి, అదే శతాబ్దాల ఊరు, జనం ఉండరు. ఆ వీధి కోకుబ్రింకెన్‌తో కలిసే మూలన గోడలో పాత రూన్ శిల (రూన్ అనే ప్రాచీన లిపి చెక్కిన రాయి) ఒకటి ఇటుకలా అమర్చేసి ఉంటుంది. దక్షిణం చివర మోర్టెన్ ట్రోట్సిగ్ సందు ఉంది, సన్నటి చోట 90 సెంటీమీటర్లే.

నడిమి చౌకు స్టోర్‌టోర్యెట్. 1520 నవంబరులో డెన్మార్క్ రాజు రెండో క్రిస్టియన్ ఇక్కడ ఎనభై మందికి పైగా ప్రముఖుల తలలు తీయించాడు. ఆ కోపంలోంచే స్వీడన్ ప్రముఖుడు గుస్తావ్ వాసా తిరుగుబాటు, 1523లో డెన్మార్క్ నుంచి స్వీడన్ విడిపోవడం. చౌకులోని ఎర్ర ఇంటి ముఖం మీది తెల్లరాళ్లు చనిపోయినవారి లెక్క అని గైడ్లు చెబుతారు. ఆ ముఖభాగం పదిహేడో శతాబ్దానిది, కాబట్టి అది కథే. పక్కనున్న స్టూర్‌షిర్కన్ చర్చిలో డ్రాగన్‌ని చంపుతున్న సెయింట్ జార్జ్ చెక్క విగ్రహం 1489 నాటిది. టికెట్ కొనాల్సి వచ్చినా సరే చూడండి.

ప్రాసాదం ముందు కావలి మార్పిడి సోమవారం నుంచి శనివారం వరకు 12:15కి, ఆదివారం 13:15కి. వేసవిలో రోజూ ఉంటుంది, చలికాలంలో కొన్ని రోజులే. అరగంట ముందు వెళ్తే నిలబడే చోటు దొరుకుతుంది.

నోబెల్ బహుమతి ఇచ్చే హాలు చూడొచ్చా?

బహుమతులిచ్చేది హ్యోటోర్యెట్ దగ్గరి కన్సర్ట్ హాలులో, ఆ రాత్రి విందు సిటీ హాలులో. రెండూ డిసెంబరు 10న. శాంతి బహుమతి మాత్రం ఓస్లోలో ఇస్తారు. సిటీ హాలు లోపలికి గైడుతోనే వెళ్లాలి, పర్యటన ముప్పావు గంట. ఏ రోజైనా నగర సభ కార్యక్రమం ఉంటే పర్యటనలు ఆపేస్తారు, డిసెంబరు మొదటి పక్షంలో మరీనూ. ఆ ఉదయం సైట్ చూసి బయలుదేరండి. బంగారు హాలు గోడల నిండా కోటీ ఎనభై లక్షల పలకల మొజాయిక్ ఉంది. 106 మీటర్ల గోపురం వేసవి నెలల్లోనే తెరుస్తారు.

విశాఖపట్నంలో బడి చదువు చదివిన సి.వి. రామన్ 1930లో ఫిజిక్స్ బహుమతి అందుకున్నది ఈ ఊళ్లోనే. నోబెల్ మ్యూజియం స్టోర్‌టోర్యెట్ చౌకులోని పాత స్టాక్ ఎక్స్ఛేంజ్ భవనంలో ఉంది, పదేళ్లు దాటిన పిల్లలుంటే తీసుకెళ్లండి.

భారతదేశానికి సంబంధించినది ఏమైనా ఉందా?

చరిత్ర మ్యూజియం హిస్టోరిస్కాలో అరచేతిలో పట్టేంత కంచు బుద్ధుడు ఉన్నాడు, ఎత్తు ఎనిమిది సెంటీమీటర్లు దాటి కొంచెం. ఆరో శతాబ్దం ప్రాంతంలో భారత ఉపఖండపు వాయవ్యాన, స్వాత్ లోయ వైపు చేసినది. 1950ల తవ్వకాల్లో మేలారెన్ సరస్సులోని హెల్గో దీవిలో బయటపడింది. ఎన్ని చేతులు మారి అంత దూరం వచ్చిందో ఊహించడానికైనా ఆ అద్దం ముందు కాసేపు ఆగాలి. మ్యూజియం ఏ రోజు మూస్తారో చూసుకుని వెళ్లండి, చాలా మ్యూజియాలకు సోమవారం సెలవు.

సిటీ పాస్ కొంటే లాభమా?

రోజుకి మూడు ఖరీదైన చోట్లు చూస్తేనే. అలా పరిగెత్తితే ఏదీ సరిగ్గా చూడలేరు. పిల్లలకు చాలా మ్యూజియాలు ఎలాగూ ఉచితం, కుటుంబాలకు పాస్ గిట్టదు. స్లుస్సెన్ దగ్గరి నగర మ్యూజియం అందరికీ ఉచితం.

## తిండి

శాకాహారులకు దొరుకుతుందా?

బాగా దొరుకుతుంది. మెనూలో ‘వెగెటారిస్క్’, ‘వెగాన్స్క్’ అని రాసి ఉంటుంది. ‘వెగెటారిస్క్’లో గుడ్డు ఉండొచ్చు, అడగాలి. సూపుల్లో మాంసం రసం, మిఠాయి జెల్లీల్లో జెలటిన్ ఉంటాయి. ప్రసిద్ధమైన మాంసపు ఉండలు షొట్‌బుల్లార్ మామూలుగా గొడ్డుమాంసం, పందిమాంసం కలిపి చేస్తారు.

బయట తినాలంటే మధ్యాహ్నం తినండి. పని దినాల్లో పదకొండు నుంచి రెండు వరకు ‘డాగెన్స్’ భోజనం ఉంటుంది: ఒక వంటకం, సలాడ్, బ్రెడ్డు, కాఫీ కలిపి. రాత్రి అదే వంటకానికి దాదాపు రెట్టింపు. రెండున్నరకి వెళ్తే దొరకదు. పెరుగన్నం తప్పనిసరైనవారికి సూపర్‌మార్కెట్‌లో ‘నాటురెల్’ అని రాసిన పెరుగు సరిపోతుంది. నీళ్ల సీసాలు కొనకండి, కుళాయి నీళ్లు శుభ్రం. టిప్పు తప్పనిసరి కాదు.

## ఊరు దాటి

దీవులకి ఒకరోజులో వెళ్లి రావచ్చా?

వెళ్లొచ్చు. తూర్పున సముద్రంలో దాదాపు 30,000 దీవులు, రాతిగుట్టలు ఉన్నాయి. మొదటిసారికి వాక్స్‌హోల్మ్ చాలు, పడవలో గంట పైన. వెనక్కి వచ్చేటప్పుడు 670 నంబరు బస్సెక్కితే పడవ వేళ తప్పినా చింత లేదు. వేసవిలో గడ్డిలో కూర్చుంటే ఇంటికొచ్చాక మోకాళ్ల వెనక, చంకల్లో పిడుదులు (టిక్స్) కరిచాయేమో చూసుకోండి. పిడుదులు జబ్బులు మోస్తాయి, కనబడితే పట్టకారుతో వెంటనే తీసేయాలి. పడమట సరస్సు వైపైతే డ్రొట్నింగ్‌హోల్మ్ ప్రాసాదానికి సిటీ హాలు రేవు నుంచి పడవలో గంట లోపే. అక్కడి 1766 నాటి రంగస్థలంలో పాత చెక్క యంత్రాలు ఇప్పటికీ పనిచేస్తాయి.

రాత్రి ఓడలో టాలిన్, హెల్సింకి వెళ్లాలంటే మళ్లీ వీసా కావాలా?

అక్కర్లేదు, ఎస్టోనియా, ఫిన్లండ్ రెండూ షెంజెన్‌లోనే ఉన్నాయి. కాని పాస్‌పోర్టు చేత ఉండాలి, ఓడ ఎక్కేటప్పుడు గుర్తింపు అడుగుతారు. అక్కడి గడియారం స్వీడన్ కంటే గంట ముందు. తిరుగు ఓడ టికెట్ మీద స్థానిక సమయమే ఉంటుంది, ఫోను గడియారం మారిందో లేదో దిగగానే చూసుకోండి.